చేతికివ్వని ఉప్పు

మా వదిన పోయిందన్న కబురు వచ్చేసరికి నేను పెరట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. ఖమ్మం దవాఖానా నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. “అత్తా, అమ్మ పోయింది” అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆపేశాడు. నేను సరేనన్నాను. అప్పుడు సరే అనడమేమిటో నాకిప్పటికీ తెలియదు. మిగిలిన గింజ కూడా తీసి, చింతపండు జాడీలో పెట్టి, మూత బిగించి అప్పుడు లేచాను. పని సగంలో వదిలి లేస్తే ఆమె ఊరుకునేది కాదు.

ఏడుపు వెంటనే రాలేదు. దానికంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. డిపో సారు చిన్నబిడ్డ పెళ్లి దగ్గర పడింది. ఆ పెళ్లి వంట వదిన ఒప్పుకున్నది. ఇప్పుడెవరు వండుతారు? వండుతామంటే ఆయన ఒప్పుకుంటాడా? మనిషి పోయిన క్షణంలో ఇటువంటి ఆలోచన వస్తుందా అని మీకు అనిపించవచ్చు. ఆమె వంట జట్టులో పని చేసిన ప్రతి ఆడమనిషికీ ఆ పొద్దున అదే వచ్చిందని తర్వాత తెలిసింది.

వదిన అంటే మా ఆయనకు అక్క. ములకలపల్లిలో మా వెనక వీధిలోనే ఇల్లు. భర్త పోయిన తర్వాత పెళ్లిళ్లకు, దినాలకు వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల నుంచి నలుగురైదుగురు ఆడవాళ్లను జట్టు కట్టుకుంది. కారేపల్లి నుంచి ఎర్రుపాలెం దాకా ఆమె వండని మండలం లేదు. బయటివాళ్లకు ఆమె వంటక్క. నేను ఇల్లు చూసుకునే మనిషిని. సరుకుల చీటీ రాయడం, గుండిగలు, గరిటెలు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు లెక్క సరిచూడడం నా వంతు. పెద్ద వంటలకు ఆమె వెంట వెళ్లి, పొయ్యిల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. అలా కూర్చుని నేను ఎక్కువగా చూసింది వంటను కాదు, వంట చేయించుకునే వాళ్లను.

విందు చేసే ఇంట్లో పని చెప్పేవాడు ఒక్కడుండడు. పిల్ల తండ్రి ఒకటి చెబుతాడు, మేనమామ ఇంకొకటి చెబుతాడు. పిల్లవాడి తరఫు వాళ్లు వచ్చి ఆ రెండూ కాదంటారు. అందరూ మన యజమానులే, ఎవరి మాటా తీసేయడానికి లేదు. ఏది తక్కువైనా చివరికి మాట పడేది మాత్రం పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషే.

డిపో సారు సంగతి చెప్పాలి. ఆయన కలప డిపోలో పని చేసి రిటైరయ్యాడు. కారేపల్లిలో ఉంటాడు. జీవితమంతా దుంగలు కొలిచిన మనిషి, ఏదీ కొలవకుండా వదలడు. అప్పడం తీసుకుని వెలుతురుకు పెట్టి చూస్తాడు. పెరుగు గరిటెతో పైకెత్తి ధార చూస్తాడు. ఆయన పెద్దకొడుకు పెళ్లికి మేము వండినప్పుడు పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యిల దగ్గరికి వచ్చాడు.

“ఏంది వంటక్కా, సాంబారు గిట్ల తెల్లగున్నది?”

“ఎట్లుండాలె సారూ?”

“ఎర్రగుండాలె. నాలుక మీద పెడితే తెల్వాలె.”

“అట్లనే సారూ.”

ఆయన అటు వెళ్లాడో లేదో, ఎర్రుపాలెం నుంచి వచ్చిన ఆయన బావమరిది ఇటు వచ్చాడు. “ఏంటమ్మా, కారం ఇంత దంచి పోశారు? మా పిల్లలు తినొద్దా?”

“అట్లనే బాబూ” అంది వదిన.

ఆయన పోయాక నేను ఉండబట్టలేక అడిగాను. “ఇద్దరికీ అట్లనే అన్నవ్. ఇప్పుడేం చేస్తవ్ వదినా?”

“సాంబారు చేస్త” అంది.

చేసింది. సాంబారు దించే ముందు ఒక ముక్కాలిపీట తెచ్చి పొయ్యికి కొంచెం ఎడంగా వేసింది. దాని మీద ఉప్పు గిన్నె పెట్టింది, గిన్నె మీద గరిటె అడ్డంగా పెట్టింది. సారును పిలిపించింది. “జర ఉప్పు చూడుండ్రి సారూ. మీ ఇంటోళ్ల నోరు మాకేం తెలుసు?” అని చెప్పి వెనక్కి తిరిగి వంకాయలు తరగడానికి కూర్చుంది. ఆయన గరిటెతో సాంబారు తీసుకుని, ఊది, అరచేతిలో పోసుకుని నాలుకకు రాసుకున్నాడు.

“తక్కువైంది.”

“అవ్ సారూ? అయితే మీరే వెయ్యుండ్రి. గిన్నె ఆడనే ఉన్నది.”

ఆయన మూడు వేళ్లతో ఉప్పు తీసి వేశాడు. తనే కలిపాడు. మళ్లీ చూశాడు. “ఇగ సరిపోయింది” అన్నాడు. ఆ మధ్యాహ్నం పంక్తిలో పిల్ల తరఫు పెద్దాయన సాంబారు బాగాలేదని మొదలుపెట్టబోతే, డిపో సారే విస్తరి ముందు నుంచి లేచినంత పని చేశాడు. “ఏం బాగలేదు? నేను చూసిన. ఉప్పు నేనేసిన” అన్నాడు. వదిన తలెత్తకుండా బగారా అన్నం తోడుతూనే ఉంది.

ఇంటికి వస్తూ ఆటోలో నేనన్నాను. “నువ్వు కావాలని తక్కువేసినవ్ గద వదినా. అది అబద్ధం కాదా?”

“అబద్ధమెట్లయితది మరదలా? నిజంగనే తక్కువేసిన గద.”

వచ్చిన మనిషి తప్పు పట్టడానికే వస్తాడు, అతనికి ఒక తప్పు చూపించకపోతే లేనిది వెతుకుతాడు అనేది. చిటికెడు ఉప్పు తక్కువైతే అతని కోపం చిటికెడు ఉప్పుతో పోతుంది. అదే ఏ తప్పూ దొరకకపోతే వండిన మనిషి మీద పడుతుంది.

ఆమె గిన్నెను పీట మీద పెట్టడానికి వేరే కారణం కూడా ఉంది. మా ఇళ్లల్లో ఉప్పు చేతికివ్వరు. చేతి నుంచి చేతికి ఉప్పు మారితే ఆ ఇద్దరికీ తగవు వస్తుందంటారు. కింద పెడితే రెండోవాళ్లు తీసుకోవాలి. చిన్నప్పటి నుంచి అందరం చేసేదే. ఎందుకని ఎవరమూ అడగం. వదిన మాత్రం దాన్ని ఉప్పు దాకా ఉంచలేదు, మాటలకు కూడా పెట్టుకుంది. కోపంగా ఉన్న మనిషికి జవాబు చేతికివ్వొద్దనేది. “చేతికియ్యకు. ఆడ పెట్టు. పెట్టి నీ పని నువ్వు చేసుకో. కావాలంటే తీసుకుంటడు.”

ఫోన్ల విషయంలోనూ అంతే. విందుకు ముందు రోజు ఫోన్లు ఆగవు. మంది పెరిగారని ఒకరు, తగ్గారని ఒకరు, ఒప్పుకున్న కూర మార్చాలని ఇంకొకరు. వదిన “చెప్పుండ్రి, వింటున్న” అని ఫోను పప్పుల డబ్బా మీద పెట్టి, స్పీకరు వేసి ఉల్లిగడ్డలు కోసుకునేది. అవతలి మనిషి అరిచి అరిచి ఆగేవాడు. అప్పుడు వదిన కళ్లు తుడుచుకుంటూ, ఉల్లిగడ్డ నీళ్లే, “అయిపోయినయా అన్నా? ఇగ చెప్పు, కూర ఏదన్నవ్?” అనేది. సగం మంది అక్కడే నవ్వేవాళ్లు.

అయితే ఆమెకు అన్నీ తెలిసే మొదలుపెట్టిందనుకోవద్దు. భద్రాచలం దారిలో అడవి లోపలున్న ఒక గూడెంలో పెళ్లి వంటకు పోయినప్పుడు ఎప్పటిలాగే పీట వేసి, గిన్నె పెట్టి, అక్కడి పెద్దమనిషిని ఉప్పు చూడమని పిలిచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. పోయిన పెద్దలకు వాటా తీసి పెట్టకముందే తనను ఎంగిలి చేయమంటున్నదేమిటని ఆయన ముఖం నల్లబడిపోయింది. ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పుకునేవారు. వదిన గరిటె బోర్లించి, గుండిగ మీద మూత పెట్టి, పొయ్యి తగ్గించి, పక్కన నేల మీద కూర్చుంది. అక్కడి వాళ్లు ఆకులో అన్నం, కూర పెట్టించుకుని తీసుకుపోయి, వాళ్ల పెద్దలకు పెట్టుకుని వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. తర్వాత ఆ పెద్దమనిషే వచ్చి గరిటె తీశాడు. ఆ రోజు నుంచి ఏ ఇంటికి పోయినా ఆమె మొదట అడిగేది కూరల సంగతి కాదు. “మీ ఇంట్ల ముందు ఎవరికి పెడ్తరు?” అని. ఆ గూడెం నుంచే ముత్తక్క మా జట్టులోకి వచ్చింది. ఆకుకూరలు, గంజి వార్చడం ఆమె చేతిలో పెడితే మళ్లీ చూసుకోనక్కరలేదు.

ముత్తక్క పేరు వచ్చింది కాబట్టి ఆ సంగతి కూడా చెబుతాను. డిపో సారు మనవడి పుట్టువెంట్రుకల విందులో వాళ్ల బంధువొకాయన పొయ్యి దగ్గరికి వచ్చి, ముత్తక్క వైపు చూపించి, “ఆమెను వడ్డించనీయకుండ్రి. మావాళ్లు ఏమన్న అనుకుంటరు” అన్నాడు. గొంతు తగ్గించి మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా అసహ్యంగా అనిపించింది. నేను వదిన వైపు చూశాను. అట్లనే బాబూ అంటుందనుకున్నాను. ఎంతమందికి అట్లనే అనలేదు!

ఆమె పీట మీది ఉప్పు గిన్నె తీసి లోపల పెట్టింది. తర్వాత సిలిండర్ల దగ్గరికి నడిచి, ఒక్కొక్కటే తిప్పి మంట ఆపింది. ఉడుకుతున్న అన్నం చప్పుడు ఆగిపోయింది. “పొద్దున మీరు తిన్న ఉప్మా ఆమె చేసిందే” అంది. ఆ బంధువు అరిచాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. ఆమె ఎవరికీ జవాబివ్వలేదు. పందిట్లో జనం కూర్చుని ఉన్నారు, విస్తళ్లు వేసి ఉన్నాయి. ఆ విందు అక్కడ ఆగిపోతే మళ్లీ మమ్మల్ని ఆ చుట్టుపక్కల ఎవరూ పిలవరు.

డిపో సారు వచ్చాడు. ఎవరో చెప్పింది విన్నాడు. ముత్తక్కనూ చూశాడు, మంట లేని పొయ్యినీ చూశాడు. క్షమించమని అనలేదు, బంధువును మందలించనూ లేదు. ఒక విస్తరాకు తీసుకుని, నీళ్లు చల్లుకుని, ముత్తక్క ముందుకు పోయి చాపాడు. “పెట్టు” అన్నాడు. ఆమె పెట్టింది. నిలబడే ఒక ముద్ద తిన్నాడు. “అన్నం పలుకున్నది. మంట ఎవరాపిండ్రు?” అని గట్టిగా అరిచాడు. వదిన పోయి సిలిండరు తిప్పింది.

ఇవన్నీ చెబుతుంటే ఆమె ఎప్పుడూ నవ్వుతూ ఉండేదని మీరు అనుకోవచ్చు. దినాలకు వచ్చినవాళ్లు అదే అన్నారు, ఎంత ఓపిక, ఎంత ఓపిక అని. ఆ ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో నేను చూశాను. విందు నుంచి వచ్చాక ఆమె గడప దగ్గరే కూర్చుండిపోయేది. చెప్పులు విప్పడానికి కూడా వంగేది కాదు. కొడుకు ఏదైనా అడిగితే కసిరేది. కోడలు టీ తెస్తే చక్కెర లేదని పక్కకు జరిపేది. ఒకసారి నేను అన్నాను, బయట అందరికీ అట్లనే అంటావు, ఇంట్లో వాళ్లకు ఒక్క మంచిమాట లేదేమని.

“ఆడనే అయిపోతున్నయి మరదలా. ఇంటికి మిగుల్తలేవు” అంది.

ఆమె పాదాలు అప్పటికే వాచి ఉన్నాయి. నిలబడి నిలబడి వచ్చిన వాపు అనుకున్నాం అందరం. అది కాదని దవాఖానాలో తేలింది. ఒంట్లో నీరు చేరుతోందన్నారు. ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. మంచం మీద ఉప్పులేని జావ తాగి గ్లాసు పక్కన పెట్టి, నన్ను చూసి నవ్వింది. “చూసినవా, నాకు గూడ తక్కువేసిండ్రు” అంది. ఆమె దవాఖానాలో నవ్వడం అదొక్కసారే చూశాను.

చివరిసారి వెళ్లినప్పుడు నేనే పెళ్లి సంగతి ఎత్తాను. డిపో సారు పెద్దకొడుకు ఖమ్మంలో ఒక కేటరింగు వాళ్లతో మాట్లాడుతున్నాడని జట్టులో అనుకుంటున్నారు. వాళ్లకు టోపీలున్నాయి, చేతులకు గ్లౌజులున్నాయి, వడ్డించడానికి ఒకే రంగు చొక్కాల పిల్లలున్నారు. సారు అటు పోతే కారేపల్లి వైపు మిగతా ఇళ్లన్నీ అటే పోతాయి. జట్టు నిలవదు. ముత్తక్కకు మళ్లీ మిరప చేలల్లో కూలే. మిగతావాళ్లకు ఆ దారి కూడా లేదు.

“నువ్వు నిలబడు” అంది వదిన.

“నాతో కాదు వదినా. నేను గుండిగలు లెక్కపెట్టుకునే దాన్ని. ఆ మనుషులతో నేను పడలేను.”

“నిన్నెవరు పడమన్నరు? పడొద్దు. వంట చెయ్యి.” కాసేపు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. “సారు వస్తడు. బతిమాలకు” అంది మళ్లీ.

ఆమె పెద్దకర్మ నాడు వంట మేమే చేశాం. వేరే ఎవరినైనా పిలుద్దామని ఆమె కొడుకు అన్నాడు గానీ జట్టులో ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దున్నే వచ్చి, ఎవరి చోట వాళ్లు కూర్చుని, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. మధ్యలో ఎవరో ఒకరికి ఏడుపు వచ్చేది. పక్కనున్న వాళ్లు ఉల్లిగడ్డలు ఆమె వైపు జరిపేవాళ్లు. పప్పుచారు ముత్తక్క చేసింది. వంట దించాక ముందు వదినకు వాటా తీశాం. ఆమె ఫోటో ముందు విస్తట్లో అన్నం, పప్పుచారు, రెండు కూరలు పెట్టాం.

పంక్తి కూర్చోకముందే డిపో సారు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఇంటి పక్క నుంచి నేరుగా పొయ్యిల దగ్గరికి నడిచి వచ్చాడు. జట్టంతా నా వైపు చూసింది. నాకు చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. మేము చేయగలం సారూ, ఆమె లేకపోయినా చేతులు అవే సారూ, మీ బిడ్డ పెళ్లి మాకు వదిలేయండి సారూ. ఒక్కటీ అనలేదు. ధైర్యం వల్ల కాదు. అన్ని రోజుల అలసట తర్వాత అడిగే ఓపిక లేదు, అంతే. లోపలి నుంచి ముక్కాలిపీట తెచ్చి పప్పుచారు గుండిగ పక్కన వేశాను. ఉప్పు గిన్నె పెట్టాను, గరిటె అడ్డం పెట్టాను.

“ఉప్పు చూడుండ్రి సారూ” అని, వెనక్కి తిరిగి విస్తళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

వెనక గరిటె చప్పుడు వినిపించింది. ఊదడం వినిపించింది. తిరిగి చూస్తే ఆయన వేళ్లు ఉప్పులో ఉన్నాయి. తీయలేదు, వేయలేదు, అలాగే నిలబడ్డాడు.

“తక్కువైంది” అన్నాడు చివరికి.

“అవ్ సారూ.”

“ఆమె గూడ గింతే తక్కువేసేది. ఎప్పటికీ గింతే.”

ముత్తక్క చేతిలోని జల్లిగంటె ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆయనకు తెలుసు. తెలిసే మూడు వేళ్లతో తీసి వేశాడు, తెలిసే పంక్తిలో కొట్లాడాడు.

ఆయన ఉప్పు వేశాడు. తనే కలిపాడు. మళ్లీ నాలుకకు రాసుకున్నాడు. గరిటె గిన్నె మీద అడ్డంగా, మొదట ఉన్నట్టే పెట్టాడు.

“పెళ్లి నాడు పప్పుచారు కాదు, సాంబారు. ఎర్రగుండాలె. జల్దీ రావాలె, మొన్న లెక్క పొద్దెక్కి వస్తే కుదరదు” అన్నాడు. మొన్న అంటే ఏ మొన్నో, మేము ఎప్పుడు ఆలస్యంగా పోయామో నాకు గుర్తు లేదు.

“అట్లనే సారూ” అన్నాను.

ఆయన పందిట్లోకి పోయి అందరితో పాటు పంక్తిలో కూర్చున్నాడు. ముత్తక్క వడ్డించింది.

సాయంత్రం అందరూ వెళ్లాక గుండిగలు కడిగి లెక్క చూశాను. అన్నీ ఉన్నాయి. నడుము విరిగినట్టుంది. ఇంక ఈ నొప్పి నాదే కాబోలు అనుకున్నాను. పీట మాత్రం ఎవరూ తీయలేదు. ఫోటో ముందు విస్తట్లో వదిన వాటా ఆరిపోయి ఉంది. అది సారు ఉప్పు వేయకముందు తీసిన పప్పుచారు. బయట గిన్నెలో తెల్లటి ఉప్పు మధ్య మూడు వేళ్ల గుంట అట్లాగే ఉంది.